ఫస్టియర్ లెక్కల కోర్సు మార్చడానికి ఫౌండేషన్ గ్రాంట్ అడుగుతున్నాం. మూడేళ్లయ్యాక సంగతేమిటి?

లెక్కల_లెక్చరర్:

అందరికీ నమస్కారం. నేను ఒక యూనివర్సిటీలో లెక్కలు చెప్తాను. మా ఫస్టియర్ కాల్‌క్యులస్ పేపర్ పిల్లల పాలిట గండంగా తయారైంది. ఫిజిక్స్ చదువుదామని వచ్చినవాళ్లు, ఎకనామిక్స్ చదువుదామని వచ్చినవాళ్లు ఈ ఒక్క పేపర్ దగ్గర ఆగిపోతున్నారు. రెండోసారి రాసినా గట్టెక్కలేక చదువే మానేసేవాళ్లూ ఉన్నారు. విడిగా కూర్చోబెట్టి మాట్లాడితే వాళ్ల తెలివికి లోటేమీ కనిపించదు. పెద్ద హాల్లో మేం బోర్డు మీద రాస్తుంటే చూసి రాసుకుంటారు. తర్వాత గదిలో ఒంటరిగా లెక్కతో కుస్తీ పడతారు. ఎక్కడ దారి తప్పారో చెప్పే మనిషి పక్కన ఉండడు.

డిపార్ట్‌మెంట్‌లో ముగ్గురం కలిసి ఒక ప్లాన్ వేసుకున్నాం. లెక్చర్లు సగానికి తగ్గిస్తాం. ఆ గంటల్లో పిల్లలు చిన్న గ్రూపులుగా కూర్చుని లెక్కలు చేస్తారు, పై సంవత్సరాల విద్యార్థులు పక్కన ఉండి సాయం చేస్తారు. వారానికో చిన్న టెస్టు పెట్టి, దాని ఫలితం అదే వారంలో చేతికిస్తాం.

ఇప్పుడు ఒక ఫౌండేషన్ ఉన్నత విద్యలో కొత్త బోధనా పద్ధతులకు మూడేళ్ల గ్రాంట్ ప్రకటించింది. అప్లై చేద్దామనగానే పైవాళ్లు వెంటనే సరేనన్నారు. కాకపోతే వాళ్ల ఊహ వేరే: ట్యాబ్లెట్లు, స్మార్ట్ బోర్డులు, దాత పేరుతో ఒక ఇన్నోవేషన్ సెంటర్. రీసెర్చ్ గ్రాంట్లకు రాయడం నాకు అలవాటే గానీ ఇలాంటి దానికి ఎప్పుడూ రాయలేదు. ఇచ్చేవాళ్లు అసలేం చూస్తారు? మూడేళ్ల తర్వాత ఇదంతా ఎలా నిలబడుతుంది? ఈ రెండో ప్రశ్నే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఓపెన్_పాఠాలు:

తప్పకుండా అప్లై చేయండి సార్. పరిశోధనకు డబ్బిచ్చేవాళ్లు దొరుకుతారు, పాఠం చెప్పే తీరు మార్చడానికి ఇచ్చేవాళ్లు అరుదు. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ తన కోర్సుల మెటీరియల్ ఉచితంగా నెట్‌లో పెడతానని 2001లో ప్రకటించినప్పుడు, మొదటి దశకు హ్యూలెట్, మెలన్ ఫౌండేషన్లు కలిపి కోటీ 10 లక్షల డాలర్లు ఇచ్చాయి. 2002లో 50 కోర్సులతో మొదలైంది. 2007కల్లా దాదాపు సిలబస్ మొత్తం, 1,800 కోర్సులు, ఎవరైనా చూసుకునేలా వచ్చేసింది. నాకు లీనియర్ ఆల్జీబ్రా ఒంటబట్టింది ఆ పాఠాల వల్లే. ఫీజు కట్టలేదు, ఎవరి అనుమతీ అడగలేదు. ఆ గ్రాంట్ లేకపోతే నాలాంటి వాళ్లకు ఆ క్లాసు తలుపు తెరుచుకునేది కాదు. మీ లెక్కల సమస్యలు, టెస్టులు కూడా అందరూ వాడుకునేలా ఓపెన్ లైసెన్సుతో పెడతామని ప్రపోజల్‌లో రాయండి. ఇచ్చేవాళ్లకు నచ్చుతుంది, ఇంకో కాలేజీకి పనికొస్తుంది.

పాత_రివ్యూయర్:

లెక్చరర్ గారూ, నేను చాలాకాలం ఒక ఫౌండేషన్‌లో ఉన్నత విద్య ప్రపోజల్స్ చదివే పని చేశాను. తర్వాత ఒక యూనివర్సిటీ గ్రాంట్ల ఆఫీసుకు మారాను. ఇచ్చేవైపు, అడిగేవైపు రెండుచోట్లా కూర్చున్నాను కాబట్టి వివరంగా రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

మీ టెన్షన్ ఉండాల్సిన చోటే ఉంది. ప్రపోజల్ చేతికి రాగానే నేను ముందు తిప్పేది బడ్జెట్ పేజీ. తర్వాత 'కొనసాగింపు' అనే పేరా. చాలావాటిలో అక్కడ కనిపించేది ఒకే వాక్యం: ఇతర దాతల నుంచి నిధులు సమకూర్చుకుంటాం అని. ఆ సంగతి ఎవరూ కూర్చుని ఆలోచించలేదని దాంతోనే తెలిసిపోతుంది. నాలుగో ఏడాది ఈ పని ఎవరి డ్యూటీ, దానికి డబ్బు యూనివర్సిటీ బడ్జెట్‌లో ఏ పద్దులోంచి వస్తుంది అని రాసి, కింద డీన్ సంతకం ఉన్న ప్రపోజల్ వస్తే మిగతా పేజీలు రెట్టింపు శ్రద్ధతో చదివేదాన్ని.

ఫౌండేషన్లు మొదలుపెట్టడానికి ఇస్తాయి, ఏళ్ల తరబడి నడపడానికి ఇవ్వవు. కాబట్టి మీ ప్లాన్‌లో ఒక్కసారి పెడితే సరిపోయే ఖర్చేది, ఏటా పెట్టాల్సిన ఖర్చేది అని ముందే విడదీసుకోండి. లెక్కల సమస్యల బ్యాంకు తయారుచేయడం, వారపు టెస్టులు రాయడం, గ్రూపు క్లాసు నడపడంలో మిగతా టీచర్లకు ట్రైనింగ్, వీటన్నిటికీ తీరిక దొరికేలా మీ ముగ్గురికీ ఒక సెమిస్టర్ క్లాసుల భారం తగ్గించడం, ఇవన్నీ ఒక్కసారి ఖర్చులు. గ్రాంట్ డబ్బు వీటి మీద నిస్సంకోచంగా పెట్టండి. సాయం చేసే విద్యార్థులకిచ్చే డబ్బు మాత్రం ఏటా ఖర్చు. అందులో కొంత వాటా మొదటి ఏడాది నుంచే యూనివర్సిటీ భరించాలి, మూడో ఏడాదికి మొత్తం దాని పద్దులోకే వెళ్లిపోవాలి. ఇలా అడిగితే మీ పైవాళ్లు ఇబ్బంది పడతారు. ఆ ఇబ్బంది ఇప్పుడే పడితే మంచిది.

టీచర్ల ట్రైనింగ్ మీద పెట్టిన డబ్బు ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి ఐఐఎం అహ్మదాబాద్ మంచి ఉదాహరణ. 1961లో ఆ సంస్థ మొదలైనప్పుడు ఫోర్డ్ ఫౌండేషన్ సాయం చేసింది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌తో ఒప్పందం కుదిరి, ఇక్కడి అధ్యాపకులు అక్కడికి వెళ్లి కేస్ పద్ధతిలో, అంటే ఒక కంపెనీకి నిజంగా ఎదురైన సమస్యను క్లాసులో చర్చకు పెట్టి, పాఠం చెప్పడం నేర్చుకుని వచ్చారు. ఆ గ్రాంట్ ఎప్పుడో ముగిసిపోయింది. కేస్ పద్ధతి ఇప్పటికీ ఆ క్లాసుల్లో నడుస్తోంది.

మీ కేసుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ప్యూ చారిటబుల్ ట్రస్ట్స్ డబ్బుతో అమెరికాలో 1999లో మొదలైన కోర్సుల మార్పు కార్యక్రమం. కెరోల్ ట్విగ్ అనే ఆవిడ నడిపారు. 30 విద్యాసంస్థలు, ఒక్కోదానికి 2 లక్షల డాలర్లు. తీసుకున్నవన్నీ వందలమంది చేరే మొదటి ఏళ్ల కోర్సులే. డబ్బు ఇచ్చిన తీరులోనే దాని బలం ఉంది. ఆ మార్పుకు సంస్థ సిద్ధంగా ఉందా లేదా అన్నది ముందు చూశారు. అది దాటినవాళ్లనే పూర్తి ప్లాన్ అడిగారు. పాత పద్ధతిలో ఒక్కో విద్యార్థి మీద ఎంత ఖర్చవుతోంది, కొత్త పద్ధతిలో ఎంతవుతుంది అని టీచర్ల గంటలతో సహా లెక్క కట్టించారు. చివరికి 30లో 25 చోట్ల పిల్లలు మునుపటికంటే బాగా నేర్చుకున్నారు, ఖర్చు సగటున 37 శాతం తగ్గింది. కొత్త పద్ధతి పాతదానికంటే తక్కువలో నడిచినప్పుడు గ్రాంట్ ఆగిపోయినా వెనక్కి వెళ్లాల్సిన అవసరం రాదు. ఖర్చు తగ్గింది కదా అని టీచర్ పోస్టులకు కత్తెర వేస్తారేమోనన్న భయం మీ డిపార్ట్‌మెంట్‌లో తప్పకుండా ఉంటుంది. మిగిలిన గంటలు ఆ కోర్సుకే తిరిగి వాడతామని ముందే రాయించుకోండి.

ఇంకో ఉదాహరణ జేస్టోర్. పాత జర్నళ్లు చదవడానికి మనందరం వాడేదే. మెలన్ ఫౌండేషన్ అధ్యక్షుడు విలియం బోవెన్ అప్పట్లో డెనిసన్ యూనివర్సిటీ ట్రస్టీ కూడా. అక్కడి లైబ్రరీలో పాత జర్నళ్లకు అల్మారాలు చాలక కొత్త భవనం కట్టాలన్న మాట వచ్చింది. అన్ని లైబ్రరీలదీ ఇదే బాధ అయినప్పుడు ఒక్కసారి స్కాన్ చేసి అందరూ పంచుకోవచ్చు కదా అన్నది ఆయన ఆలోచన. మెలన్ డబ్బుతో ప్రయోగం మొదలై, 1995లోనే అది లాభాపేక్ష లేని విడి సంస్థ అయింది. లైబ్రరీలు ఏటా చందా కడతాయి. ఎవరికి ఉపయోగమో వాళ్లే కట్టే ఏర్పాటు మొదట్లోనే ఆలోచించారు కాబట్టి అది దాత చేతి మీద ఆధారపడకుండా నిలబడింది.

నిలబడనివి, నిలబడినా మార్పు తేలేనివి కూడా చెప్పాలి. అమెరికాలో లూమినా ఫౌండేషన్ 2004లో కమ్యూనిటీ కాలేజీల (అక్కడి రెండేళ్ల కాలేజీల) కోసం అచీవింగ్ ద డ్రీమ్ అనే పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. ఉద్దేశం చాలా మంచిది, కాలేజీలు కూడా చిత్తశుద్ధితోనే పనిచేశాయి. మొదటి 26 కాలేజీల మీద 2011లో అధ్యయనం వచ్చింది. మొత్తమ్మీద విద్యార్థుల ఫలితాలు పెద్దగా కదల్లేదని తేలింది. ఒక ముఖ్య కారణం: కొత్త ప్రయత్నాల్లో చాలావరకు కొద్దిమంది విద్యార్థుల దగ్గరే ఆగిపోయాయి. మంచి ప్రయోగాలే, కానీ చిన్న ప్రయోగాలు. అందుకని 'ఒక సెక్షన్‌లో ప్రయోగం చేస్తాం' దగ్గర మీ ప్రపోజల్ ఆపకండి. మొదటి ఏడాది రెండు సెక్షన్లయినా ఫర్వాలేదు, మూడో ఏడాది ఆ పేపర్ రాసే ప్రతి విద్యార్థికీ అందుతుందని రాయండి, అందేలా గదులు, టైమ్‌టేబుల్ లెక్క చూపించండి.

ఇన్నోవేషన్ సెంటర్ గురించి గట్టిగా చెప్తున్నాను, ఒప్పుకోకండి. మీ పిల్లలకు కావలసింది పక్కన కూర్చునే మనిషి. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీలో 2007లో మొదలైన ఏఎస్ఏపీ అనే కార్యక్రమం చూడండి. ఒక్కో సలహాదారు చేతిలో 60 నుంచి 80 మంది విద్యార్థులు. మామూలుగా అక్కడ ఆ సంఖ్య 600 పైనే. దాంతోపాటు పుస్తకాల ఖర్చు, ప్రయాణ ఖర్చు చూసుకున్నారు, ఆర్థిక సాయం పోను ట్యూషన్ ఫీజులో తక్కువపడిన భాగం కట్టారు. మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు ఈ కార్యక్రమంలో 40 శాతం, బయట 22 శాతం. అందులో మెరిసే వస్తువు ఒక్కటీ లేదు. ఫౌండేషన్ ప్రకటన కూడా చివరిదాకా చదవండి. భవనాలకు, పరికరాలకు ఇవ్వమని చాలా ప్రకటనల్లో రాసే ఉంటుంది. మీ పైవాళ్లకు ఆ పేరా చూపిస్తే వాదన అక్కడితో తీరిపోవచ్చు.

షరతుల సంగతి కూడా ఒకమాట. 1905లో ఆండ్రూ కార్నెగీ ప్రొఫెసర్ల పెన్షన్ల కోసం కోటి డాలర్లు ఇచ్చాడు. ఆ పెన్షన్ కావాలంటే కాలేజీ ఒక మతశాఖ కింద ఉండకూడదు, హైస్కూల్లో ఫలానా గంటలు చదివినవాళ్లనే చేర్చుకోవాలి. పెన్షన్ కోసం కొన్ని కాలేజీలు చర్చితో సంబంధమే తెంచుకున్నాయి. 120 గంటల క్లాసుకు ఒక యూనిట్ అన్న కొలత అలా పాతుకుపోయింది. చదువును నేర్చినదాన్ని బట్టి కాక కూర్చున్న గంటలను బట్టి కొలవడం ఈనాటికీ మనల్ని వదల్లేదు. ఆ కొలత సరిపోతోందా అని, ఆ పెన్షన్ల డబ్బుతో పుట్టిన కార్నెగీ ఫౌండేషనే 2012లో మళ్లీ పరిశీలన మొదలుపెట్టింది. డబ్బు ఖర్చయిపోతుంది, దాని వెంట వచ్చిన షరతు తరాల పాటు ఉండిపోవచ్చు. మీ ఫౌండేషన్ ఏ సాఫ్ట్‌వేర్ వాడాలంటోందో, విద్యార్థుల డేటా ఏమేం కావాలంటోందో ఒప్పందంలో జాగ్రత్తగా చూడండి.

గ్రూపు_లెక్కలు:

నేనూ లెక్కల టీచర్నే. పాత_రివ్యూయర్ మేడమ్ డబ్బు సంగతి చెప్పారు, నేను క్లాసు సంగతి చెప్తాను.

మీ ప్లాన్‌కు తాతలాంటి ప్రయోగం ఒకటుంది. 1970ల చివర్లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో యూరీ ట్రైస్మన్ అనే ఆయన, కాల్‌క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకు వెనకబడుతున్నారో తెలుసుకోవాలనుకున్నాడు. వాళ్లకు పట్టుదల లేదనో, ఇంట్లో ప్రోత్సాహం లేదనో చుట్టూ అందరూ అనుకునేవారు. దగ్గరుండి చూస్తే అవేవీ నిలబడలేదు. వాళ్లు క్లాసు అవగానే ఒంటరిగా గదిలో కష్టపడుతున్నారు. అదే కోర్సులో బాగా చేస్తున్న చైనీస్ అమెరికన్ విద్యార్థులు చాలామంది కలిసి కూర్చుని, ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటున్నారు. మీరు రాసిన 'ఒంటరిగా కుస్తీ' చదవగానే నాకిదే గుర్తొచ్చింది.

ఆయన పెట్టిన వర్క్‌షాపుల్లో ముఖ్యమైన విషయం, అవి వెనకబడినవాళ్ల కోసం పెట్టే సులువు క్లాసులు కావు. క్లాసు లెక్కలకంటే కష్టమైనవి ఇచ్చి గ్రూపుల్లో తేల్చుకోమన్నాడు. ఫలితాలు బాగా మారాయి. దానికి డబ్బిచ్చింది ఎఫ్ఐపీఎస్ఈ అనే అమెరికా ప్రభుత్వ నిధి. 1972లో పుట్టింది, కళాశాలల్లో కొత్త ప్రయత్నాలకు చిన్న చిన్న గ్రాంట్లు ఇచ్చేది. ప్రైవేటు దాత కాకపోయినా స్వభావం అదే.

కాబట్టి గ్రూపు గంటను 'రెమెడియల్' అని పిలవకండి, అలా నడపకండి. ఆ పేరు పడిందంటే పిల్లలు సిగ్గుపడి రారు. వచ్చినవాళ్లు కూడా తలుపు దగ్గరే కూర్చుంటారు. సమస్యల బ్యాంకు రాయడానికి గ్రాంట్‌లో ఎక్కువ సమయం అడగండి. గ్రూపులో నలుగురు మాట్లాడుకునేలా చేసే లెక్క రాయడం పరీక్ష పేపర్ రాసినంత సులువు కాదు. సాయం చేసే సీనియర్లు జవాబు చెప్పేయకుండా ప్రశ్న అడగడం నేర్చుకోవాలి. నా అనుభవంలో అన్నిటికంటే కష్టమైన ట్రైనింగ్ అదే. బాగా మార్కులొచ్చే పిల్లలకు అది మరీ కష్టం, పెన్ను లాక్కుని చేసేస్తారు.

ఇంకోటి. ఆ పేపర్ రాసే అందరికీ కాల్‌క్యులస్సే కావాలా అన్న ప్రశ్న కూడా వేసుకోండి. కార్నెగీ ఫౌండేషన్ స్టాట్‌వే అని ఒక దారి తయారుచేసింది. దాని వెనక గేట్స్, హ్యూలెట్, క్రెస్గీ, లూమినా లాంటి ఫౌండేషన్ల డబ్బుంది. లెక్కల్లో వెనకబడి కాలేజీకొచ్చినవాళ్లకు స్టాటిస్టిక్స్ చుట్టూ ఏడాది కోర్సు. మొదటి ఏడాదిలోనే దాదాపు సగం మంది కాలేజీ స్థాయి లెక్కల క్రెడిట్ సంపాదించారు. మామూలు దారిలో రెండేళ్లు గడిచినా 15 శాతమే ఆ స్థాయికి చేరేవారు. ఆ పోలిక విద్యార్థులను లాటరీ వేసి రెండు వర్గాలుగా విడదీసి చేసినది కాదు కాబట్టి పూర్తిగా దాని మీదే వాలిపోకూడదు. అయినా తేడా చిన్నది కాదు. మీ ఎకనామిక్స్ పిల్లలకు కాల్‌క్యులస్ కావాలి, నిజమే. మిగతా సబ్జెక్టులవాళ్ల జాబితా ఒకసారి చూడండి.

లెక్కల_లెక్చరర్:

ఇంత శ్రద్ధగా రాసినందుకు ముగ్గురికీ ధన్యవాదాలు. రెమెడియల్ మాట మా డ్రాఫ్టులో ఉంది, తీసేస్తున్నాం.

నిన్న డీన్‌తో మాట్లాడాను. ప్రకటనలో భవనాలకు ఇవ్వమని నిజంగానే ఉంది. సెంటర్ ఊసు ఆగింది. నాలుగో ఏడాది ఖర్చు మీద సంతకం అనేసరికి అకౌంట్స్‌ను అడగాలన్నారు. అకౌంట్స్‌వాళ్లేమో యూనివర్సిటీ ఓవర్‌హెడ్ (గదులు, కరెంటు, ఆఫీసు లాంటి ఉమ్మడి ఖర్చులకు గ్రాంట్‌లోంచి వచ్చే వాటా) ఎంత వస్తుందో చెప్పండి, అప్పుడు చూద్దామంటున్నారు. ఫౌండేషన్ 10 శాతానికి మించి ఇవ్వదట. ఇది న్యాయమేనా? ఫలితం వచ్చిందో లేదో ఎలా చూపించాలన్నది కూడా తేలడం లేదు. పోయినేటి పాస్ శాతంతో పోల్చితే సరిపోతుందా?

ఖాతాల_గది:

ఓవర్‌హెడ్ గురించి నేను చెప్తాను, రోజూ చేసే పని అదే.

10 శాతం విచిత్రమైన సంఖ్యేమీ కాదు. గేట్స్ ఫౌండేషన్ కూడా అమెరికా యూనివర్సిటీలకు పరోక్ష ఖర్చుల కింద ఆ మేరకే ఇస్తుంది. ప్రభుత్వ రీసెర్చ్ గ్రాంట్లలో అక్కడి పెద్ద యూనివర్సిటీలు ప్రత్యక్ష ఖర్చు మీద 50 శాతం, ఆ పైన కూడా తీసుకుంటూ వచ్చాయి. కాబట్టి మీ అకౌంట్స్‌వాళ్లకు 10 శాతం నష్టంగా కనిపించడంలో వింత లేదు. కరెంటు, గదులు, జీతాల బిల్లులు చేసే మనుషులు, ఆడిట్, ఇవన్నీ ఎవరో ఒకరు భరించాల్సిందే.

దీనికి దారి ఉంది. మీ ప్రాజెక్టుకు నేరుగా తగులుకునే ఖర్చులను ఓవర్‌హెడ్‌లో వదిలేయకుండా ప్రత్యక్ష ఖర్చుగా చూపించండి. వారపు టెస్టుల డేటా చూసే మనిషి జీతంలో కొంత భాగం, ప్రాజెక్టు ఆడిట్ ఫీజు, ప్రింటింగ్, ఇలాంటివి. ఏది ఒప్పుకుంటారో ఫౌండేషన్ నిబంధనల్లో ఉంటుంది.

ఇక మీకు తెలియకుండా దెబ్బతీసేవి. డబ్బు విడతలుగా వస్తుంది, రెండో విడత రిపోర్టు ఇచ్చాకే. రిపోర్టు గడువు మీ పరీక్ష ఫలితాలకు ముందు పడితే చూపించడానికి ఏమీ ఉండదు, విడత ఆగిపోతుంది. ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఆ తేదీ మార్పించుకోండి. గ్రాంట్ మీద తీసుకున్న ఉద్యోగి కాంట్రాక్టు, గ్రాంట్ ముగిసే రోజే ముగిసేలా పెట్టకండి. చివరి రిపోర్టు రాయాల్సింది ఆ తర్వాతే. అప్పటికి ఆ మనిషి వెళ్లిపోయి ఉంటే బిల్లులన్నీ మీ బల్ల మీదికి వస్తాయి. ఒక పద్దులో మిగిలింది ఇంకో పద్దుకు మార్చుకునే వెసులుబాటు ఎంతవరకో కూడా రాతలో ఉండాలి.

శాశ్వత నిధి ఉన్న చోట కూడా మాట నిలబెట్టుకోవడం కష్టమేనని మీ పైవాళ్లకు చెప్పండి. అమెరికాలో ఎఫ్.డబ్ల్యూ. ఓలిన్ ఫౌండేషన్ తన డబ్బంతా పెట్టి ఓలిన్ ఇంజనీరింగ్ కాలేజీ కట్టింది, 40 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి 2005లో తానే మూతపడింది. చేరిన ప్రతి విద్యార్థికీ ట్యూషన్ పూర్తిగా ఉచితం అన్నారు. ఆర్థిక సంక్షోభం తర్వాత, 2010లో చేరినవాళ్ల నుంచి దాన్ని సగానికి తగ్గించాల్సి వచ్చింది. కాలేజీ మాత్రం బాగానే నడుస్తోంది. అంతటి నిధి ఉన్నవాళ్లకే అలా అయితే, మూడేళ్ల గ్రాంట్ ఉన్నవాళ్లు నాలుగో ఏడాది గురించి ఇప్పుడే అడగడంలో అతి ఏమీ లేదు.

పాత_రివ్యూయర్:

ఖాతాల_గది గారు చెప్పిన రిపోర్టు తేదీ మాట బంగారం. నేను మళ్లీ చెప్పను.

ఫలితం చూపించడం గురించి. పోయినేటి పాస్ శాతంతో పోల్చితే నేను నమ్మను, ఇంకే రివ్యూయరూ నమ్మరు. పేపర్ సులువుగా ఇచ్చారేమో, ఈసారి వచ్చిన బ్యాచ్ మెరుగైనదేమో. ఏఎస్ఏపీ ఫలితాన్ని అందరూ ఒప్పుకున్నారంటే, అర్హత ఉన్న 896 మందిని లాటరీ వేసి రెండు వర్గాలు చేసి పోల్చారు కాబట్టి. అదే నమూనాను అమెరికాలోనే ఒహాయో రాష్ట్రంలో మూడు కాలేజీల్లో పెట్టి మళ్లీ లాటరీతోనే చూస్తే అక్కడా డిగ్రీ పూర్తి చేసినవాళ్లు దాదాపు రెట్టింపయ్యారు. అలాంటి రుజువు ముందు ఎవరూ వాదించలేరు.

మీకూ ఆ అవకాశం ఉంది, అదీ సహజంగా. మొదటి ఏడాది అందరికీ సరిపడా గదులు ఉండవు కదా. ఎవరు కొత్త సెక్షన్లలోకి వెళ్లాలన్నది లాటరీతో తేల్చండి. ఇష్టమున్నవాళ్లు రండి అంటే చురుకైనవాళ్లే వస్తారు, పోలిక చెడిపోతుంది. రెండు వర్గాలకూ ఒకే ఫైనల్ పేపర్ పెట్టండి. పేపర్లు దిద్దేవాళ్లకు ఏ విద్యార్థి ఏ సెక్షనో తెలియకూడదు. లాటరీ సంగతి పిల్లలకు ముందే చెప్పాలి. మిగతావాళ్లకు మరుసటి ఏడాది ఈ గ్రూపు గంటలు అందుబాటులో ఉంచాలి. మీ యూనివర్సిటీలో ఎథిక్స్ కమిటీ ఉంటే దాని అనుమతి ఇప్పుడే మొదలుపెట్టండి, ఆలస్యమయ్యేది అక్కడే.

మార్కులతో ఆగకండి. మీరు మొదట రాసిన బాధ, పిల్లలు ఫిజిక్స్, ఎకనామిక్స్ వదిలేసి వెళ్తున్నారన్నది. అయితే కొలవాల్సింది అదే: ఆ తర్వాతి కోర్సులో ఎంతమంది చేరారు, అందులో ఎలా చేశారు, రెండో ఏడాదికి ఎంతమంది యూనివర్సిటీలో ఉన్నారు. వెనకటి ఏళ్ల లెక్కలు పరీక్షల విభాగం నుంచి ఈ వారమే అడిగి తీసుకోండి. ఆ పట్టిక ఒక్కటి ప్రపోజల్ మొదటి పేజీలో ఉంటే, సమస్య ఎంత పెద్దదో చెప్పడానికి మీరు విశేషణాలు వాడాల్సిన అవసరం ఉండదు.

ఫలితం రాకపోతే ఏం చేస్తారో కూడా రెండు వాక్యాలు రాయండి. అలా రాయడానికి చాలామంది భయపడతారు. ఒక వర్గానికి పనిచేసి ఇంకో వర్గానికి పనిచేయలేదని తేలినా, అది మరో యూనివర్సిటీకి విలువైన సమాచారమే. ఇచ్చేవాళ్లలో మంచివాళ్లకు ఈ సంగతి తెలుసు. అచీవింగ్ ద డ్రీమ్ మీద ఆ కటువైన అధ్యయనానికి డబ్బిచ్చింది కూడా లూమినానే. దానివల్లే ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎక్కువమంది విద్యార్థులకు చేరే మార్పుల వైపు మళ్లారు. నాకు ఆ ఫౌండేషన్ మీద గౌరవం పెరిగింది అందుకే.

ఇంకా గడువు ఉంది కాబట్టి ఒక పని చేయండి. ప్రకటనలో ఇచ్చిన ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు ఒక పేజీలో మీ ఆలోచన రాసి, మొదటి ఆరు నెలలు ప్లానింగ్‌కే తీసుకోవచ్చా, ఆ మేరకు మొదటి విడత చిన్నదిగా అడగవచ్చా అని కనుక్కోండి. ఓలిన్‌వాళ్లు కూడా 2001లో 30 మంది విద్యార్థులను ముందుగా తీసుకుని, ఒక ఏడాది మొత్తం వాళ్లతో కోర్సులు పరీక్షించి, ఆ తర్వాతే మొదటి బ్యాచ్‌ను చేర్చుకున్నారు. ఆ ఆరు నెలల్లో మీ సమస్యల బ్యాంకు సగం తయారవుతుంది, సీనియర్ల ట్రైనింగ్ ఒక రౌండ్ పూర్తవుతుంది, డీన్ సంతకానికీ టైం దొరుకుతుంది. జవాబు రాగానే ఇక్కడ పెట్టండి. బడ్జెట్ పట్టిక పంపితే నేనూ, ఖాతాల_గది గారు ఒప్పుకుంటే ఆయనా, వరసవారీగా చూసిపెడతాం.